పాక్ త్రి అనే మా త్రినాథ్

ఆడమ్స్‌టౌన్ స్టేషన్‌లో రైలు దిగి, త్రినాథ్ గారి ఇల్లెక్కడ అని మన తెలుగువాళ్ళను అడిగితే కాసేపు ఆలోచిస్తారు. పాక్ త్రి ఇల్లెక్కడ అని ఇండోనేషియా మనిషిని అడగండి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గుమ్మం ముందు నిలబెడతారు. పాక్ అంటే వాళ్ళ భాషలో తండ్రి వరస, మనం అయ్యగారూ అన్నట్టు. త్రి అన్నది వాళ్ళలో కూడా ఉన్న పేరే. అందుకని మా త్రినాథ్ జావా దీవిలో కాలు పెట్టిన రోజునే సగం ఆ దేశం మనిషి అయిపోయాడు. మిగతా సగం ఎలా అయ్యాడో, ఈ ఐర్లండులో ఆ సగం ఎలా నిలబడిందో చెప్పడానికి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

త్రినాథ్ నాకు బావమరిది, నా భార్య జయమ్మకు తమ్ముడు. నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి వరకే. అయినా రెండుసార్లు పంచాయతీ ప్రెసిడెంటుగా నెగ్గాను, ఊరికి మంచినీళ్ళ ట్యాంకు తెచ్చాను, బడికి స్లాబు వేయించాను. ఎవరు ఏపాటి పని సాధించారో తూకం వేయగలనన్న నమ్మకం నాకుంది. మా రెండు కుటుంబాల్లో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు. వాళ్ళంతా చదివి సాధించారు. త్రినాథ్ వాయించి సాధించాడు. అది ఎక్కువ కష్టం.

బొబ్బిలి పక్క పల్లె వాళ్ళది. చిన్నప్పుడే తల్లి పోతే జయమ్మే తమ్ముణ్ణి పెంచింది. మా పెళ్ళయ్యాక అత్తారింటికి బయలుదేరే వేళ, "ఈడు రాకపోతే నానూ రాను" అని బండి ఎక్కకుండా పేచీ పెట్టి, తమ్ముణ్ణి వెంటబెట్టుకునే మా గడప తొక్కింది. కాబట్టి ఆమె పేరుకే అక్క. త్రినాథ్‌కు ఇప్పుడు అరవై దాటాయి. ఈనాటికీ అక్క నిలబడి ఉంటే అతను కూర్చోడు. కూతురింట్లో సోఫా మీద కాలు మీద కాలేసుకున్న మనిషి, గుమ్మంలో జయమ్మ గొంతు వినబడగానే కాళ్ళు దించి, లేచి, టీవీ కూడా ఆపేస్తాడు. చదివేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. తరువాత జరిగినదంతా దీని మీదే నడిచింది.

మా ఊరి రామభజనలో మద్దెల త్రినాథ్‌దే. మీసాలు రాకముందే ఆ మద్దెల అతని ఒళ్ళోకి వచ్చింది. తరువాత జూట్ మిల్లులో ఫిట్టరు పని దొరికింది. ఆ మిల్లు మూతపడే రోజుల్లో, అతని పాత సూపర్‌వైజరు ఇండోనేషియా నుంచి కబురు చేశాడు. అక్కడ మన దేశంవాళ్ళ స్పిన్నింగ్ మిల్లులున్నాయనీ, మంచి ఫిట్టర్లు కావాలనీ. మా చుట్టుపక్కల ఊళ్ళలో మొట్టమొదటి పాస్‌పోర్టు త్రినాథ్‌ది. దాన్ని చూడడానికే జనం వచ్చారు. వెళ్ళిన ఊరి పేరు పుర్వకర్తా. "ఊరేటి, పంతులుగారు సదివే మంత్రంలాగుంది" అంది జయమ్మ.

ఆ పుర్వకర్తాలో త్రినాథ్ సాధించినవి చెప్పాలంటే చాలా ఉన్నాయి. ఏడాది తిరక్కుండా వాళ్ళ భాష పట్టేశాడు. మిల్లులో ఉత్తమ ఫిట్టరుగా మూడుసార్లు గోడ మీద ఫోటో ఎక్కించుకున్నాడు. ఆగస్టులో వాళ్ళ స్వాతంత్ర్య దినానికి పోకమానుకు నూనె పూసి, చివర బహుమతులు కట్టి ఎక్కమంటారు. ఆ పోటీలో మిల్లు జట్టుకు అడుగున నిలబడి, ముగ్గురు మనుషుల్ని భుజాల మీద మోసి, పైనున్న సైకిలు దింపించాడు. కూతురు మైథిలిని డాక్టరు చదివించాడు. ఇవన్నీ ఒక ఎత్తు. డోలు ఒక ఎత్తు.

మిల్లులో తోటి ఫిట్టరు కూతురి పెళ్ళికి వెళ్ళాడు త్రినాథ్. అక్కడ పెళ్ళంటే ఇంటి ముందు వీధిలో స్టేజీ వేసి, పొద్దుట మొదలుపెట్టి సాయంత్రం దాకా పాటలు పాడిస్తారు. ఆ పాటల్ని డాంగ్‌డుత్ అంటారు. పాత హిందీ సినిమా పాట, అరబ్బుల పాట, వాళ్ళ పల్లెపాట మూడూ ఒక గిన్నెలో కలిపినట్టు ఉంటుంది. రిక్షావాడి నుంచి మంత్రిగారి దాకా దానికి కాలు కదపని మనిషి ఆ దేశంలో లేడంటాడు త్రినాథ్. పాటకు ఆ పేరు వచ్చింది డోలు చప్పుడు నుంచే. డాంగ్ అని ఒక దెబ్బ, డుత్ అని ఇంకో దెబ్బ. జంటగా ఉండే ఆ డోళ్ళను మొదటిసారి చూసినప్పటి సంగతి నాకు ఫోనులో చెప్పాడు. "బావా, మన తబలాకి పిన్నికొడుకులాగుంది. సూడగానే సేతులు దురదెట్టాయి."

ఆ రోజు డోలు వాయిస్తున్న ముసలాయన పేరు మాంగ్ ఉజాంగ్. మాంగ్ అంటే చిన్నాన్న. పక్కన కూర్చుని తొడ మీద తాళం వేస్తున్న ఈ నల్లటి ఫిట్టర్ని చూసి నవ్వి, ఆదివారం ఇంటికి రమ్మన్నాడు. అలా మొదలైంది. చేతులు నెలలో తిరిగాయి. కళ్ళు మాత్రం తిరగలేదు. త్రినాథ్ మన పద్ధతిలో తల వంచుకుని డోలు వంక చూస్తూ వాయించేవాడు. మాంగ్ ఉజాంగ్ గడ్డం పట్టుకుని తల పైకెత్తేవాడట.

"పాట పెదాల మీద ఉంటుంది, తాళం నడుములో ఉంటుంది. పాడే అమ్మాయి నడుము ఒక పక్కకు దిగినప్పుడు నీ డుత్ దిగాలి. ముందూ కాదు, వెనకా కాదు. పాట మధ్యలో ఆమె ఆగుతుంది. ఎక్కడ ఆగుతుందో ఆమెకే ముందు తెలియదు, నడుముకు తెలుసు. నీ చెయ్యి చూస్తే నీకేం తెలుస్తుంది?"

అక్కడ డోలు వాయించేవాడి పద్ధతి అది. పాడే మనిషి ఆటలోనే అతనికి సైగ ఉంది. చూడకపోతే వాయించలేడు. మన భజనలో కూర్చున్నవాడికి ఆ చూపు అలవాటు కావడానికి ఏడాది పట్టింది. అయ్యాక ఇక తిరిగి చూసుకోలేదు. చుట్టుపక్కల పల్లెల్లో ఆదివారం పెళ్ళి ఉందంటే పాక్ త్రి డోలు ఉందా అని అడిగేవారు. ఒకసారి అక్కడి టీవీలో కూడా వచ్చాడు. ఎడమ చెయ్యీ, సగం చెవీ కనబడ్డాయి. ఆ సగం చెవి ఎవరిదో ఆ తాలూకాలో అందరికీ తెలుసు.

ఒక్క జయమ్మకు తెలియదు. ఆమె ఫోను చేసి, "ఏటి వాయిస్తన్నావురా అక్కడ?" అని అడిగితే, "భజనలే అక్కా" అనేవాడు. పక్కనే ఉన్న అతని భార్య గిరిజాకుమారి పమిట నోటికి అడ్డం పెట్టుకుని అవతలి గదిలోకి పోయేదట. దేశం కాని దేశంలో కూడా తమ్ముడు రాముణ్ణి వదల్లేదని మా ఆవిడ ఊరంతా చెప్పుకుంది.

మైథిలికి డబ్లిన్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చి ఆడమ్స్‌టౌన్‌లో ఇల్లు తీసుకుంది. గిరిజాకుమారి పోయాక తండ్రిని ఇక్కడికి తెచ్చుకుంది. మేము అప్పటికే రెండు వీధుల అవతల మా అబ్బాయి గణేశ్ ఇంట్లో ఉన్నాం. త్రినాథ్ రెండు లుంగీల్లో చుట్టి డోలు జంటను పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. తెచ్చి ఏం లాభం? ఇక్కడి ఇళ్ళు గోడకు గోడ ఆనించి కట్టినవి. పక్కింట్లో చంటిపిల్ల. డోలు మెట్ల కింద ప్రెస్‌లో, ఇక్కడ అలమరను అలాగే అంటారు, వ్యాక్యూమ్ క్లీనర్ పక్కన చేరింది. త్రినాథ్ రోజుకొకసారి ఆ తలుపు తీసి, చూసి, మళ్ళీ వేసేవాడు. భార్య పోయిన మనిషికి ఇల్లు ఎలాగూ నిశ్శబ్దమే. చేతులు కూడా నిశ్శబ్దమైపోయాయి. ఇక్కడికి వచ్చిన మొదటి రెండేళ్ళలో అతను నాతో వాదనకు కూడా దిగలేదు. అదే నాకు భయం వేసింది.

ఒక రోజు నేనూ త్రినాథూ మా పక్కనున్న లూకన్‌లో ఆసియా సరుకుల కొట్టుకు వెళ్ళాం. మిరపకాయలు ఏరుతూ ఒకావిడ ఏదో కూనిరాగం తీస్తోంది. ఏరుతూ ఏరుతూ ఒక పక్కకు కాస్త వాలింది. సరిగ్గా అదే క్షణాన నా వెనక ప్లాస్టిక్ బుట్ట మీద 'డుత్' అని వినబడింది. ఆవిడ గిరుక్కున తిరిగింది. బుట్ట పట్టుకున్న త్రినాథ్ తప్పు చేసినవాడిలా నిలబడి, వాళ్ళ భాషలో క్షమించమన్నాడు. ఆవిడ మిరపకాయలు అక్కడే వదిలేసి బియ్యం బస్తా మీద కూలబడింది. ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను సరుకులన్నీ కొని, బిల్లు కట్టి వచ్చినా ఆ మాటలు అవలేదు.

ఆవిడ పేరు లిలిస్. నలభై దాటిన మనిషి, ఇక్కడ వృద్ధుల ఆశ్రమంలో పని చేస్తుంది. పెళ్ళికి ముందు పుర్వకర్తా పక్క జిల్లాలో పెళ్ళి స్టేజీల మీద పాడేది. ఇక్కడ వాళ్ళదొక చిన్న జట్టు ఉంది. ఆసెప్ అని ఒకతను అత్లోన్‌లో మందుల కంపెనీలో పని చేస్తూ, శనివారం శనివారం రైల్లో కీబోర్డు మోసుకొచ్చి వాయిస్తాడు. డోలు చప్పుడు కూడా ఆ కీబోర్డులోనే ఒక మీట నొక్కితే వస్తుంది. ఇన్నాళ్ళూ వాళ్ళు దానితోనే నెట్టుకొచ్చారు.

ఆసెప్ మంచివాడే. లెక్కగా ఉండే మనిషి. తరువాతి శనివారం త్రినాథ్‌ను కూర్చోబెట్టి మర్యాదగా చెప్పాడు. "పాక్, మిషన్‌కు జ్వరం రాదు, తప్పు రాదు. ఆగస్టులో మన స్వాతంత్ర్య దినం ఫంక్షన్ ఇక్కడి కమ్యూనిటీ హాల్లో పెడుతున్నాం. ఆ రోజు మీరు వాయించండి. కుదిరిందా, ఇక డోలు మీదే. కుదరకపోతే మళ్ళీ మిషనే. ఏమీ అనుకోకూడదు."

"మిషన్ వెనక నేను నడవాలి," అంది లిలిస్. "పాక్ త్రి అయితే నా వెనక నడుస్తారు."

ఆ శనివారం నుంచి మా త్రినాథ్ వేరే మనిషి. రోజూ గడ్డం గీసుకున్నాడు. గోరువెచ్చని ఉప్పునీళ్ళలో వేళ్ళు నానబెట్టాడు. ఈ చెమ్మ దేశంలో డోలు చర్మం వదులవుతోందని, మైథిలి జుట్టు ఆరబెట్టుకునే మిషన్ తీసుకుని డోలుకు పట్టాడు. "తాతా, డ్రమ్‌కి హెయిర్ లేదు కదా" అంది మనవరాలు హాసిని, తనకు వచ్చిన కాస్త తెలుగులో. నాతో మళ్ళీ వాదనలకు దిగాడు. నా ప్రాణం కుదుటపడింది.

ఇంతలో జయమ్మ పులిహోర కలిపింది. తమ్ముడు శనివారాలు ఆ కమ్యూనిటీ హాలుకే సాధనకు వెళ్ళి వాయిస్తున్నాడని తెలుసు, ఏం వాయిస్తున్నాడో తెలియదు. భజన చేసేవాళ్ళకు ప్రసాదంలా ఉంటుందని పెద్ద డబ్బాలో సర్ది, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. మేము తలుపు తీసేసరికి లిలిస్ పాడుతోంది, ఆడుతోంది. త్రినాథ్ రెండు కళ్ళూ ఆమె నడుము మీద పెట్టి, ఒళ్ళు మరిచి వాయిస్తున్నాడు.  జయమ్మ చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది.

పాట అయ్యాక తమ్ముణ్ణి వరండాలోకి పిలిచింది.

"ఇదేనేటిరా నువ్వు ఇన్నేళ్ళూ సేసిన భజన?"

త్రినాథ్ నేల చూశాడు.

"దేవుడెవడు ఇందులో?"

"జయా, కళాకారుణ్ణి పట్టుకుని అలా..." అన్నాను నేను.

"మీరూరుకోండి. ప్రెసిడెంటుగిరీ మనూళ్ళో." మళ్ళీ తమ్ముడి వైపు తిరిగింది. "ఆ పిల్ల పాడతాది, పాడనీ. ఆడతాది, ఆడనీ. దాని సరదా దానిది. నువ్వు దాని నడుం కాసి గుడ్లప్పగించి సూస్తావేటి? మనవరాలున్నోడివి."

"తాళం అక్కడుంటాదక్కా."

"తాళం తలుపుకుంటాది. నడుంకేటి తాళం?"

"అది కాదక్కా, ఆళ్ళ పద్దతి..."

"ఆళ్ళ పద్దతి ఆళ్ళకి. నా కళ్ళ ఎదర ఇంకోపాలి అలా సూసినావంటే బాగోదు. సెప్పీసినాను."

పులిహోర మాత్రం అందరికీ దగ్గరుండి పెట్టింది. లిలిస్‌కు రెండుసార్లు వడ్డించింది. కోపం తమ్ముడి కళ్ళ మీదే గాని ఆ అమ్మాయి మీద కాదు.

ఫంక్షన్‌కు రావొద్దని ఆమెకు ఎవరు చెప్పగలరు? మైథిలి ఏదో అనబోతే, "తమ్ముడు వాయిస్తంటే నాను ఇంట్లో కూకుంతానేటి?" అంది. పట్టుచీర కట్టుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని, అందరికంటే ముందు వచ్చి మొదటి వరుసలో మధ్య కుర్చీలో కూర్చుంది. నేను ఆమె పక్కన.

బయట పిల్లలకు ఆటలు పెట్టారు. దారాలకు అప్పడాల్లాంటివి వేలాడదీసి, చేతులు వెనక్కి కట్టుకుని నోటితో తినాలి. హాసిని మొదటి బహుమతి కొట్టింది. ఎలా ఉందే అంటే, "గ్రాండ్, తాతా, బట్ ఇట్స్ స్టక్ ఇన్ మై టీత్" అంది. ఆ తరువాత హాలు నిండింది. ఇండోనేషియా వాళ్ళు, ఐరిష్ వాళ్ళు, మన తెలుగు కుటుంబాలు నాలుగైదు. లిలిస్ మెరుపుల బట్టల్లో స్టేజీ మీదికి వచ్చింది. కొంచెం వెనకగా, డోలు ముందు, ఇస్త్రీ చొక్కాలో త్రినాథ్.

పాట మొదలైంది. త్రినాథ్ తలెత్తాడు. లిలిస్ నడుము చూశాడు. ఆ నడుముకు సరిగ్గా ఎదురుగా, స్టేజీ కింద, అక్క నెరిసిన తలా, ఎర్రటి బొట్టూ కనబడ్డాయి. తల దించేశాడు.

చేతులు వచ్చినంత మేర వాయించాయి. లిలిస్ ఒక చోట గొంతు సాగదీసి ఆగింది. త్రినాథ్ ఆగలేదు. డుత్ ముందే పడింది. మెట్టు ఉందనుకుని లేని చోట కాలు వేసిన మనిషిలా ఆమె తూలింది. రెండో చోట డుత్ వెనక పడింది. ఆమె నవ్వుతూనే ఒకసారి వెనక్కి చూసింది. త్రినాథ్ గడ్డం ఛాతీకి ఆనించుకుని ఉన్నాడు. మూడోసారీ అంతే. ఆసెప్ కాసేపు ఓపిక పట్టాడు. తరువాత వేలు చాచి మీట నొక్కాడు. కీబోర్డులోంచి డోలు చప్పుడు, తప్పు లేకుండా, మొదలైంది.

త్రినాథ్ చేతులు డోలు మీంచి తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఆ తరువాతి పాటల్లో కూడా చేతులు అక్కడే ఉన్నాయి. చాలామందికి ఏమీ తెలియలేదు. జయమ్మకు తెలిసింది.

"ఆపీసినాడేటి?"

 

మధ్యలో భోజనాలకు విరామం ఇచ్చారు. త్రినాథ్ వరండాలో గోడ పక్కన కూర్చుని డోలును లుంగీల్లో చుడుతున్నాడు. లిలిస్ వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఏదో అడిగింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. అప్పుడే ప్లేటు పట్టుకుని జయమ్మ వచ్చింది. త్రినాథ్ లేచి నిలబడ్డాడు.

"ఏటంతంది ఆ పిల్ల?"

"ఏట్లేదక్కా."

"ఏట్లేకపోతే కళ్ళల్లో నీళ్ళేటి? నువ్వేటన్నావు దాన్ని?"

"నానేటన్లేదు."

"మరి సెప్పు."

తప్పించుకునే దారి లేదు. త్రినాథ్ గోడ వైపు చూస్తూ తెలుగు చేశాడు.

"నా మీద కోపమా, ఎందుకు సూళ్ళేదు అనడుగుతంది."

జయమ్మ లిలిస్ వంక చూసింది.

"ఇన్నాళ్ళూ మిషన్‌తో పాడితే సీకట్లో ఒంటరిగా నడిసినట్టుండేదంట. నాను సూస్తంటే ఎవరో సెయ్యట్టుకున్నట్టుంటాదంట. ఈయేళ నడిమధ్యన సెయ్యొదిలీసినానంట."

"ఇంకేటంది?"

"అంతే. ఇంక మిషనే అక్కా. ఆసెప్ మాట మాటే. నా పని అయిపోయింది." అని మళ్ళీ వంగి లుంగీ ముడి వేశాడు.

జయమ్మ ప్లేటు లిలిస్ చేతిలో పెట్టి, తినమని సైగ చేసి, నన్ను పక్కకు లాగింది.

"నాను ఊడుపులకెల్లే రోజుల్లో పాటెత్తేది మా ఎర్రెమ్మత్త. ఆవిడ నడుం వొంగితే మావంతా వొంగీవోళ్ళం. మొకం కనబడీది కాదు."

"మరింకేం," అన్నాను.

"ఇంకేటీ లేదు. మావంతా ఆడోళ్ళం. అది వేరు, ఇది వేరు."

"పోనీ ఇంటికి వెళదామా? నువ్వు లేకపోతే వాయిస్తాడు."

"నా తమ్ముడు వాయిస్తంటే నాను ఎల్లిపోవాలేటి?" అని కళ్ళెర్రజేసి లోపలికి నడిచింది.

విరామం ముగిసింది. ఆసెప్ వచ్చి, మిగతావి మిషన్‌తో కానిద్దాం పాక్ అన్నాడు, చాలా నెమ్మదిగా, చెయ్యి పట్టుకుని. లిలిస్ అడ్డం తిరిగింది. ఆఖరి పాట ఒక్కటి డోలుతోనే పాడతానంది.

"అదీ పోతే?" అన్నాడు ఆసెప్.

"పోతే ఇక అడగను."

కాబట్టి త్రినాథ్ మళ్ళీ లుంగీలు విప్పాడు. ఆఖరి పాటకు డోలు ఎత్తుకుని స్టేజీ ఎక్కాడు. కూర్చున్నాడు. తల దించే ఉంది. అది చూసి నాకు పాట మీద ఆశ పోయింది.

అప్పుడు జయమ్మ లేచింది. కుర్చీ వీపు రెండు చేతులా పట్టుకుంది. హాలంతా వినబడేలా నేల మీద గీరుతూ ఆ కుర్చీని గుండ్రంగా తిప్పింది. స్టేజీకి వీపు పెట్టి, జనం వైపు ముఖం పెట్టి, పమిట భుజం చుట్టూ కప్పుకుని కూర్చుంది. ఎదురుగా అంతమంది ఆమెనే చూస్తున్నారు. ఆమె ఎవర్నీ చూడకుండా, తల కూడా తిప్పకుండా, గట్టిగా అంది.

"ఒరే త్రినాదూ, నాను సూట్లేదు. నీ పని నువ్వు సూసుకో."

మా వైపు ఒక పద్ధతి ఉంది. చుట్ట కాల్చుకుంటూ గట్టు మీద వచ్చే కుర్రాడికి పెద్దవాళ్ళు ఎదురుపడితే, చేను వైపు ముఖం తిప్పుకుని నడిచిపోతారు. పెద్దవాడు చూడలేదు, చిన్నవాడు తప్పు చేయలేదు. చుట్టా ఉంటుంది, మర్యాదా ఉంటుంది. ఆ పద్ధతిని కుర్చీతో చేసి చూపించిన మనిషిని నేను అప్పుడే చూశాను.

హాలు చూసుకునే డెక్లన్ కంగారుగా వంగి నా చెవిలో, అమ్మగారికి ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. "గ్రాండ్" అన్నాను. నాకు వచ్చిన ఐరిష్ ముక్క అది, అన్నింటికీ సరిపోతుంది.

స్టేజీ మీద త్రినాథ్ నోరు తెరుచుకుని అక్క వీపు వంక చూశాడు. తరువాత తలెత్తాడు. ఈసారి దించలేదు.

పాట మొదలైంది. డోలు ఆమె వెనకే నడిచింది. లిలిస్ వేగం పెంచితే పెంచింది, తగ్గిస్తే తగ్గించింది. పాట సగంలో ఆమె ఒక మాట అందుకుని, సగం మాటలో ఆగిపోయింది. త్రినాథ్ చెయ్యి గాలిలో ఆగింది. ఆసెప్ వేళ్ళు మీటల మీద ఆగాయి.  అప్పుడు ఆమె నడుము కుడిపక్కకు దిగింది. డుత్. ఇద్దరిలో ఎవరు ముందో దేవుడు కూడా చెప్పలేడు. జనం ఒక్కసారి హోరెత్తారు. మాంగ్ ఉజాంగ్ ఎక్కడున్నా వినాలి ఆ డుత్.

"ఏటైంది? ఎందుకరుస్తన్నారు?" అంది జయమ్మ, తల తిప్పకుండానే.

"ఆ అమ్మాయి ఆగింది. వీడూ ఆగాడు. ఇద్దరూ ఒక్కసారే దిగారు."

"పడిపోనారేటి?"

"పడలేదే. పాటలోకి దిగారు."

"సూస్తన్నాడా?"

"చూస్తున్నాడు."

"సూడనీ."

జనం లేచి స్టేజీ దగ్గరికి వెళ్ళి ఆడడం మొదలుపెట్టారు. మైథిలి కూడా చెప్పులు విడిచి వెళ్ళింది. నా పక్కన జయమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ముఖం గంభీరంగా పెట్టుకుని, కదలకుండా కూర్చున్నట్టే కూర్చుంది. కాని నేను పక్కనే ఉన్నాను. ప్రతి డుత్‌కూ ఆ కుర్చీలో ఆమె నడుము కాస్తంత ఒక పక్కకు దిగుతోంది. ఒక్కటీ తప్పలేదు.  నేను కూడా చూడనట్టే ఊరుకున్నాను.

పాట అయ్యాక ఆసెప్ కీబోర్డు సర్దుతూ, "పాక్, వచ్చే శనివారం పది నిమిషాలు ముందే రండి. మీ డోలుకు తగ్గట్టు నేను కొన్ని మార్చుకోవాలి" అన్నాడు. అంతకంటే ఎక్కువ పొగడడు అతను. త్రినాథ్ స్టేజీ దిగి అక్క ఎదర నిలబడ్డాడు. ఆమె అతని రెండు చేతులూ తీసుకుని తిప్పి తిప్పి చూసింది. అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "కొబ్బరినూనె రాసుకో" అంది.

ఆ తరువాత త్రినాథ్ సాధించినవి కూడా రాయకపోతే లెక్క పూర్తి కాదు. అత్లోన్‌లో వాయించాడు. గాల్వేలో రెండు పెళ్ళిళ్ళకు వాయించాడు, అందులో ఒకటి ఐరిష్ పెళ్ళికొడుకుది. లిలిస్ పని చేసే ఆశ్రమంలో వాయిస్తే, ఏడాదిగా కుర్చీలోంచి లేవని ఒక పెద్దాయన కాళ్ళతో తాళం వేశాడట. మా తెలుగు సంఘం ఉగాదికి కూడా పిలిచారు. అక్కడ నిజంగానే భజన వాయించాడు.

ఇంకొక సంగతి. ఆ రోజు నుంచి ఆ జట్టు ఎక్కడ పాడినా మొదటి వరుస మధ్యలో ఒక కుర్చీ వెనక్కి తిప్పి వేస్తారు. ఆసెప్ తన చేత్తోనే వేస్తాడు. తెలుగువాళ్ళలో పెద్దవాళ్ళను గౌరవించే పద్ధతి అదేనని వాళ్ళు నిశ్చయించుకున్నారు. కొత్తగా వచ్చిన ఇండోనేషియా పిల్లలకు కూడా అలాగే చెబుతున్నారు. గాల్వేలో హాలు కుర్రాడెవరో పొరపాటనుకుని దాన్ని సరిచేయబోతే, ఆసెప్ స్టేజీ మీంచి పరుగెత్తుకొచ్చి మళ్ళీ తిప్పాడు. ఈమధ్య దాని మీద దిండు కూడా వేస్తున్నారు. జయమ్మ దర్జాగా వెళ్ళి, జనానికి ముఖం పెట్టి కూర్చుంటుంది.

ఇంటికి వచ్చాక మాత్రం గణేశ్ ఫోనులో ఆ వీడియో పెట్టించుకుంటుంది. కళ్ళజోడు పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా, తమ్ముడి ముఖం కనబడే చోట ఆపించి మరీ చూస్తుంది. ఈ సంగతి త్రినాథ్‌కు తెలియదు. ఇది చదివాక తెలుస్తుంది. తెలిసినా తెలియనట్టే ఉంటాడు. ముఖం అటు తిప్పుకోవడం అతనికీ వచ్చు, పెంచింది జయమ్మ కదా.